డెడ్‌వుడ్ బండి మీద దాడి చేసిందెవరు?

అబద్ధం చెప్పడానికి అబద్ధపు సామగ్రి అక్కర్లేదు. నిజమైన గుర్రాలు, నిజమైన తుపాకులు, నిజంగా యుద్ధాల్లో పాల్గొన్న మనుషులు – వీటితోనే ఒక జాతి చరిత్రను తలకిందులు చేయవచ్చు. పందొమ్మిదో శతాబ్దం చివర అమెరికాలోనూ యూరప్‌లోనూ ఊరూరా తిరిగిన ‘వైల్డ్ వెస్ట్’ ప్రదర్శనలు ఆ పని చేశాయి. వాటిని సర్కస్ కోవలో చేర్చి పక్కన పెట్టడం సాహిత్య విమర్శకులకు అలవాటు. కాని తర్వాత వచ్చిన కౌబాయ్ కథలకూ సినిమాలకూ అచ్చు పోసిపెట్టిన వాటిలో ఈ ప్రదర్శనలు ముఖ్యమైనవి. కనక వాటి వస్తువేమిటి, శిల్పమేమిటి, ఆ రెండింటికీ ఉన్న సంబంధమేమిటి అని అడగడం రచయితలకు అవసరం.

ఈ ప్రదర్శనలు నడిపిన వాళ్ళలో అందరికన్నా పేరు పొందినవాడు విలియం ఫ్రెడరిక్ కోడీ. 1846లో అయోవాలో పుట్టాడు. 1867-68లో కాన్సాస్ పసిఫిక్ రైలుమార్గం వేస్తున్న కూలీలకు మాంసం సరఫరా చేయడం కోసం అడవిదున్నల్ని వేటాడాడు. పద్దెనిమిది నెలల్లో 4,280 దున్నల్ని చంపానని స్వీయచరిత్రలో రాసుకున్నాడు. ‘బఫెలో బిల్’ అన్న పేరు ఆ వేట తెచ్చిపెట్టిందే. ఆ తర్వాత సైన్యానికి దారి చూపే వేగుగా పనిచేశాడు. 1869లో నెడ్ బంట్‌లైన్ అనే చౌకబారు సాహస కథల రచయిత అతన్ని నాయకుణ్ణి చేసి న్యూయార్క్ పత్రికలో సీరియల్ రాశాడు. 1872 చివర షికాగోలో కోడీ తన పాత్ర తనే ధరించి రంగస్థలం ఎక్కాడు. అక్కణ్ణుంచి కొన్నేళ్ళు చలికాలంలో నాటకాలు, వేసవిలో సైన్యం కొలువు.

ఈ రెండు కొలువులూ ఒకదాంట్లో ఒకటి ఎలా కలిసిపోయాయో 1876 చెబుతుంది. ఆ ఏడాది జూన్ 25న లిటిల్ బిగ్‌హార్న్ నది దగ్గర జనరల్ కస్టర్ లకోటా, షయాన్ ప్రజల విడిది మీద దాడికి వెళ్ళి, తన వెంట ఉన్న దళంతో సహా చచ్చిపోయాడు. మూడు వారాల తర్వాత, జూలై 17న, వార్‌బానెట్ వాగు దగ్గర జరిగిన చిన్న ఘర్షణలో కోడీ ‘ఎల్లో హెయిర్’ అనే షయాన్ యోధుణ్ణి చంపి అతని నెత్తి చర్మం ఒలిచాడు. ఆ రోజు అతను వేసుకున్నవి వేగువాడి మామూలు బట్టలు కావు, రంగస్థలం మీద వేసుకునే తరహా నల్ల వెల్వెట్ దుస్తులు. కొన్ని నెలలకే ఆ హత్య నాటకమైంది, కస్టర్ కోసం తీసిన మొదటి నెత్తిచర్మం అన్న ప్రచారంతో ఆడింది. అనుభవం నుంచి కళ పుట్టడం మనకు తెలుసు. ఇక్కడ నాటకానికి పనికొచ్చేలా ముందే బట్టలు తొడుక్కుని వెళ్ళి అనుభవం సంపాదించడం కనిపిస్తుంది. కళ, హత్య ఒకే సరుకు తయారీలో రెండు దశలయ్యాయి.

1883 మేలో నెబ్రాస్కాలోని ఒమాహాలో కోడీ ‘వైల్డ్ వెస్ట్’ మొదలైంది. తర్వాత నేట్ సాల్స్‌బరీ భాగస్వామిగా చేరి దాన్ని పెద్ద వ్యాపారంగా నిలబెట్టాడు. నిర్వాహకులు ‘ప్రదర్శన’ అనే మాట వాడడానికి ఇష్టపడేవారు కాదు. తాము చూపించేది ఆట కాదనీ, పడమటి సీమ బతుకేననీ వాళ్ళు అమ్ముకున్న మాట. గుర్రాల మీద తపాలా మోసే రౌతులు, అడవిదున్నల వేట, 1885 నుంచి ఆనీ ఓక్లే గురిచూసి కాల్చడం, డెడ్‌వుడ్ బండి మీద ఆదివాసుల దాడి, చివర్లో ఎక్కువగా వలసరైతు దుంగల ఇంటి మీద దాడి. ప్రతి దాడిలోనూ ఆఖరి క్షణంలో కోడీ, అతని కౌబాయ్‌లు గుర్రాల మీద దూసుకొచ్చి తెల్లవాళ్ళను కాపాడతారు. అంశాలు మారుతుండేవి. ఈ రక్షణ ఘట్టం మాత్రం ఏళ్ళ తరబడి మారలేదు.

డెడ్‌వుడ్ బండినే తీసుకుందాం. అది నకలు కాదు. షయాన్ పట్టణం నుంచి డెడ్‌వుడ్‌కు ప్రయాణికుల్ని మోసిన మార్గంలో నిజంగా తిరిగిన బండి. ప్రేక్షకులు దాన్ని చూసి ఇదంతా నిజమే అనుకున్నారు. బండి నిజమే. ఐతే డెడ్‌వుడ్ ఎక్కడుంది? బ్లాక్ హిల్స్‌లో. 1868లో ఫోర్ట్ లారమీ దగ్గర అమెరికా ప్రభుత్వం సంతకం చేసిన ఒప్పందం ప్రకారం ఆ కొండలు లకోటా ప్రజలవి. 1874లో కస్టరే సైన్యాన్ని వెంటబెట్టుకుని ఆ కొండల్లోకి వెళ్ళి బంగారం ఉందని చాటాడు. బంగారం కోసం ఎగబడ్డ జనం 1876లో కట్టుకున్న ఊరు డెడ్‌వుడ్. మరుసటి ఏడాది ప్రభుత్వం చట్టం చేసి ఆ కొండల్నే లాక్కుంది. అంటే ఆ ఊరు పుట్టడమే ఒప్పందాన్ని తొక్కి పుట్టింది. ఆ ఊరికి పోయే బండి మీద ఎవరైనా దాడి చేశారంటే దాన్ని ఏమనాలి? దురాక్రమణ అనాలా, ప్రతిఘటన అనాలా?

ఈ ప్రశ్న ప్రేక్షకుడికి రాకుండా చేసింది ఒకే ఒక్క శిల్ప రహస్యం: కథ మొదలుపెట్టిన చోటు. తెర లేచేసరికి బండి దారిలో ఉంటుంది. ఇల్లు కట్టి ఉంటుంది, పొయ్యి మీద వంట ఉంటుంది, లోపల ఆడవాళ్ళూ పిల్లలూ ఉంటారు. ఆ నేల ఎవరిది, ఆ ఇల్లు అక్కడికెలా వచ్చింది అనేదంతా కథకు ముందు జరిగిపోయింది. కథ మొదలయ్యాక జరిగే మొదటి చర్య ఆదివాసి అరుస్తూ గుర్రం మీద రావడం. అందుచేత అతనే నేరస్తుడు. అతని మీద పేలే ప్రతి తూటా ఆత్మరక్షణ. కస్టర్ మరణాన్ని బరిలో అభినయించినప్పుడూ ఇదే పద్ధతి. విడిది మీదికి వెళ్ళినవాడు చుట్టుముట్టబడిన అమరవీరుడుగా కనిపిస్తాడు. కథ ఎక్కడ ఎత్తుకోవాలి అన్నది ఒట్టి శిల్ప సమస్య అనుకునే మిత్రులు దీన్ని గమనించాలి. దేన్ని ‘ముందు జరిగిన సంగతి’గా వదిలేస్తామో, అక్కడే మన పక్షం తేలిపోతుంది.

దున్నల వేట ఘట్టం ఇంకో సంగతి చెబుతుంది. ఒకప్పుడు కోట్ల సంఖ్యలో తిరిగిన అడవిదున్న 1889లో విలియం హార్నడే వేసిన లెక్క ప్రకారం వెయ్యి ప్రాంతానికి పడిపోయింది. ఆ మైదానాల ప్రజలకు దున్నే తిండి, దున్నే గుడారం, దున్నే దుప్పటి. మంద అంతరించాక వాళ్ళు ప్రభుత్వం కొలిచిపోసే రేషను కోసం రిజర్వు భూముల్లో కాచుకోవాల్సి వచ్చింది. బరిలో మాత్రం వేట ఉత్త వినోదం. దున్నలు పరిగెత్తేవి, తుపాకులు ఉత్త మందుతో పేలేవి, ఏ దున్నా చచ్చేది కాదు. చావకూడదు కూడా, ఎందుకంటే అప్పటికి అది దొరకని సరుకు. 1887లో ఈ బృందాన్ని లండన్ చేర్చిన ‘స్టేట్ ఆఫ్ నెబ్రాస్కా’ ఓడలో 18 దున్నలున్నాయి, 97 మంది ఆదివాసులున్నారు. ఒక జనాన్నీ, ఆ జనాన్ని బతికించిన జంతువునూ ఒకే ఓడలో ఎక్కించి విక్టోరియా రాణి పాలన స్వర్ణోత్సవాలకు తీసుకెళ్ళారు. రాణి చూసి మెచ్చుకుంది. ఆ ఏడాదే అమెరికా కాంగ్రెసు డాస్ చట్టం చేసి ఆదివాసుల ఉమ్మడి భూముల్ని వ్యక్తుల పేర కమతాలుగా కోయడం మొదలుపెట్టింది. 1887లో వాళ్ళ చేతిలో 13.8 కోట్ల ఎకరాలున్నాయి. 1934 నాటికి మిగిలినవి 4.8 కోట్లు. బరిలో దుంగల ఇంటిని ఆదివాసులు తగలబెట్టబోతుంటే ప్రేక్షకులు ఊపిరి బిగబట్టి చూస్తున్న ఏళ్ళలో బయట ఎవరి ఇల్లు పోతున్నదో ఈ అంకెలు చెబుతాయి.

1893లో షికాగోలో కొలంబస్ పేరిట ప్రపంచ ప్రదర్శన జరిగింది. కోడీ బృందానికి లోపల చోటివ్వలేదు. పక్కనే స్థలం అద్దెకు తీసుకుని ఆడారు. ఆ జూలైలో అదే నగరంలో ఫ్రెడరిక్ జాక్సన్ టర్నర్ అనే యువ చరిత్రకారుడు అమెరికా చరిత్రలో సరిహద్దు భూముల ప్రాధాన్యం గురించి పత్రం చదివాడు. ఈ ఇద్దర్నీ పక్కపక్కన పెట్టి రిచర్డ్ వైట్ 1994లో రాసిన వ్యాసం విలువైనది. ఆక్రమించినవాడు బాధితుడి వేషం వేయడాన్ని ఆయన అందులో స్పష్టం చేశాడు. టర్నర్ కథలో భూమి ఖాళీగా ఉంది, నాగలి పట్టినవాడు కథానాయకుడు. కోడీ కథలో భూమి నిండా ఆదివాసులే, తుపాకి పట్టినవాడు కథానాయకుడు. చూపుకు రెండూ విరుద్ధం. కాని పనిలో తోడుదొంగలు. ఒకరు ఆదివాసుల్ని లెక్కలోంచి తీసేశారు, ఇంకొకరు లెక్కలో పెట్టి నేరం మోపారు. భూమి హక్కు మాట ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

ఒకసారి అచ్చు తయారయ్యాక అందులో ఎవర్నైనా పోయవచ్చు. 1899లో కోడీ కస్టర్ ఘట్టాన్ని తీసి క్యూబాలో శాన్ వాన్ కొండ మీద అమెరికన్ సైన్యం గెలుపును పెట్టాడు. 1901లో చైనాలో బాక్సర్ తిరుగుబాటును అణచడానికి వెళ్ళిన సామ్రాజ్య సైన్యాలు టియన్‌ట్సిన్ నగరాన్ని పట్టుకున్న ఘట్టం వచ్చింది. అందులో చైనా తిరుగుబాటుదార్ల వేషాలు వేసింది లకోటా మనుషులే. నిన్న డెడ్‌వుడ్ బండిని తరిమినవాడు ఇవాళ చైనా బట్టల్లో గోడ మీంచి కిందపడతాడు. 1900లో జరిగిన ఆ అసలు యుద్ధానికి బ్రిటిష్ ప్రభుత్వం మన దేశపు సిపాయిల్ని కూడా పంపిందన్న సంగతి మనం మర్చిపోకూడదు. దేశం మారినా, శత్రువు మారినా, శిల్పం మారలేదు. ఎవరి నేల మీద యుద్ధం జరుగుతున్నదో ఆ నేల మనిషే దాడిదారు.

ఇంతవరకు చెప్పినదానితో విమర్శ ముగించవచ్చు. చాలామంది ముగించారు కూడా. కాని ఇక్కడ ఆగితే ఒక తప్పు చేస్తాం. ఆ బరిలో ఉన్న ఆదివాసుల్ని కేవలం తోలుబొమ్మలుగా, డబ్బుకు తమ ఓటమిని అమ్ముకున్నవాళ్ళుగా మిగుల్చుతాం. చరిత్ర అంత సులువుగా లేదు.

1883 – ‘వైల్డ్ వెస్ట్’ మొదలైన ఏడాదే – అమెరికా ప్రభుత్వం రిజర్వు భూముల్లో సూర్యనృత్యం వంటి ఆదివాసుల నృత్యాల్నీ క్రతువుల్నీ నేరాలుగా ప్రకటించే నియమావళి తెచ్చింది. సొంత నేల మీద ఆడితే శిక్ష. కోడీ బరిలో ఆడితే జీతం. నెలకు 25 డాలర్ల ప్రాంతంలో వచ్చే ఆ జీతం, తిండి, ప్రయాణం – రేషను వరసలో నిలబడ్డ మనిషికి చిన్నవి కావు. 1885లో ఒక సీజను పనిచేసిన సిట్టింగ్ బుల్ వారానికి 50 డాలర్లకు ఒప్పందం చేసుకున్నాడు. తన ఫొటోలూ సంతకాలూ అమ్ముకునే హక్కు తన చేతిలోనే పెట్టుకున్నాడు. ఆయన కోడీతో కలిసి మాంట్రియల్‌లో తీయించుకున్న ఫొటోను నిన్నటి శత్రువులు నేటి మిత్రులు అనే అర్థంలో ప్రచారం చేశారు. కాని ఒప్పంద పత్రం చూస్తే ఆయన తన పేరు విలువ ఎరిగి బేరం చేసిన మనిషి.

ఆదివాసుల వ్యవహారాల శాఖ అధికారులు ఈ ప్రదర్శనల్ని వ్యతిరేకించారు. భూమి పోయినందుకు కాదు వాళ్ళ బాధ. ఈకలూ రంగులూ వేసుకుని తిరిగితే ఆదివాసులు ‘నాగరికులు’ కారని. 1890 నవంబరులో యూరప్ నుంచి తిరిగొచ్చిన కళాకారుల్ని వాషింగ్టన్‌లో విచారించారు. రాకీ బేర్, బ్లాక్ హార్ట్ అనే లకోటా పురుషులు అధికారి ముందు నిలబడి తమ పనిని సమర్థించుకున్నారు. ఎక్కడ పనిచేసి డబ్బు సంపాదించాలో తేల్చుకునే హక్కు తెల్లవాడికున్నట్టే తమకూ ఉందని బ్లాక్ హార్ట్ వాదించాడు. దీన్ని బానిస మాట అనగలమా? ఇటు కోడీ వాళ్ళను గతంలో ఆటవికులుగా చూపిస్తున్నాడు. అటు ప్రభుత్వం వాళ్ళను గతం లేని కూలీలుగా మార్చజూస్తున్నది. ఆ రెండింటి మధ్య కాస్త చోటు కోసం వాళ్ళు పెనుగులాడారు.

ఆ విచారణ ముగిసిన కొన్ని వారాలకే, డిసెంబరు 15న, సిట్టింగ్ బుల్‌ను అరెస్టు చేయబోయి పోలీసులు చంపారు. డిసెంబరు 29న వూండెడ్ నీ దగ్గర సైన్యం లకోటా గుంపును ఊచకోత కోసింది. స్త్రీలూ పిల్లలూ కలిపి 146 మందిని ఒకే గోతిలో పూడ్చారు. ఆ కల్లోలానికి కారకులని పట్టుకుని ఫోర్ట్ షెరిడాన్‌లో నిర్బంధించిన కికింగ్ బేర్, షార్ట్ బుల్ తదితరుల్ని 1891లో ప్రభుత్వమే కోడీకి అప్పగించి యూరప్‌కు పంపింది. జైలుకు బదులు బరి. ఇందులో ఎంత ఎంపిక ఉందో, ఎంత నిర్బంధం ఉందో పాఠకులే ఆలోచించాలి. 1892లో లండన్‌లో చనిపోయిన లాంగ్ వుల్ఫ్ అనే కళాకారుణ్ణి బ్రాంప్టన్ శ్మశానంలో పాతిపెట్టారు. ఆయన ఎముకలు సొంత నేలకు చేరింది 1997లో. నూట అయిదేళ్ళు పట్టింది.

ఈ బృందంతో 1887లో లండన్ వెళ్ళినవాళ్ళలో యువకుడైన బ్లాక్ ఎల్క్ ఉన్నాడు. ముసలితనంలో ఆయన చెప్పిన సంగతులు జాన్ నైహార్ట్ రాతలో 1932లో పుస్తకంగా వచ్చాయి. అది ఇంకొకరి చేతిమీదుగా వచ్చిన పుస్తకమని గుర్తుంచుకునే చదవాలి. తెల్లవాళ్ళ ప్రపంచం చూస్తే తన ప్రజలకు పనికొచ్చేదేదైనా దొరుకుతుందని వెళ్ళానన్నాడు. ఆ ప్రదర్శనలో తమవాళ్ళు చేసిన భాగం నచ్చిందనీ, తెల్లవాళ్ళు చేసిన భాగం నచ్చలేదనీ చెప్పాడు. ఇంత పదునైన విమర్శ ఆ రోజుల్లో ఏ పత్రికా విమర్శకుడూ చేసి ఉండడు. ఒకే బరిలో రెండు నాటకాలు నడుస్తున్నాయని ఆయన గుర్తించాడు. నృత్యం, గుర్రపు స్వారీ, పాట – ఇవి తమ చేతిలో ఉన్నవి. వాటిని ఏ కథలో ఇరికించాలన్నది యజమాని చేతిలో ఉంది. శ్రమ ఒకరిది, కథ మరొకరిది.

తర్వాతి కాలంలో కోడీ మీద ఎదురుదాడి చేసిన రచనలు వచ్చాయి. ఆర్థర్ కోపిట్ నాటకం ‘ఇండియన్స్’ 1968-69లో, దాని ఆధారంగా రాబర్ట్ ఆల్ట్‌మన్ తీసిన సినిమా 1976లో. కోడీ వట్టి డంబాచారి అని ఆల్ట్‌మన్ ఎగతాళి చేశాడు. అవసరమైన ఎగతాళే. ఐతే అందులో సిట్టింగ్ బుల్ దాదాపు మౌనమూర్తి. ఆయన తరఫున దుబాసీ మాట్లాడతాడు. ఆ మౌనాన్ని గంభీరమని మెచ్చుకున్నవాళ్ళున్నారు. నాకది మరో రకం నోరు కట్టడంగా కనిపిస్తుంది. జీతం బేరమాడిన మనిషిని శిలావిగ్రహం చేయడం కూడా అతని శ్రమను చెరిపేయడమే. దీనికన్నా లూథర్ స్టాండింగ్ బేర్ 1928లో అచ్చువేసిన ఆత్మకథ నయం. 1902లో ఇంగ్లండ్‌లో కోడీ దగ్గర దుబాసీగా పనిచేసిన ఆయన తమవాళ్ళకు మిగిలిపోయిన అట్లు వడ్డించారని చెప్పాడు. దాని మీద తాను ఫిర్యాదు చేయడం, కోడీ వంటశాల పెద్దను మందలించడం వంటి సంగతులు రాశాడు. అట్ల తగాదా చిన్నదే. కాని అందులో మాట్లాడే మనిషి కనిపిస్తాడు.

ఈ అచ్చు మన దాకా కూడా వచ్చింది. 1971లో కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వంలో వచ్చిన ‘మోసగాళ్ళకు మోసగాడు’తో టోపీ, గుర్రం, తుపాకి తెలుగు తెర మీద స్థిరపడ్డాయి. ఇటలీ కౌబాయ్ సినిమాల మీదుగా చేరిన ఆ రూపంలో అమెరికా ఆదివాసి లేడు, బ్లాక్ హిల్స్ లేవు. అది ఆ సినిమా నేరమని అనను. ఒక రూపం దేశాలు దాటేటప్పుడు తను పుట్టిన నేల తగాదాను అక్కడే వదిలేసి, ఒట్టి వేషంగా మనకు చేరుతుందని మాత్రమే చెబుతున్నాను. వేషం చేరాక, ఆ తగాదా ఏమిటని అడగడం విమర్శ చేయాల్సిన పని.

1913లో కోడీ సినిమా కంపెనీ వూండెడ్ నీ ప్రాంతానికే వెళ్ళి, నాటి సైన్యాధికారి మైల్స్‌ను వెంటబెట్టుకుని, లకోటా మనుషులతోనే ఆ ఊచకోతను మళ్ళీ నటింపజేసి చిత్రించింది. నిజమైన చోటు, నిజమైన మనుషులు, నిజమైన జనరల్. ఇంతకన్నా ‘వాస్తవం’ ఎవరు చూపగలరు? ఆ చిత్రం చాలామటుకు నశించిపోయింది. కోడీ 1917లో చనిపోయాడు.

బ్లాక్ హిల్స్ తగాదా మాత్రం చావలేదు. ఆ కొండల్ని తీసుకున్నందుకు ప్రభుత్వం నష్టపరిహారం చెల్లించాల్సిందేనని 1980లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. వడ్డీతో కలిపి ఆనాటికే 10 కోట్ల డాలర్లు దాటిన ఆ సొమ్మును తీసుకోవడానికి లకోటా ప్రజలు నిరాకరించారు. వాళ్ళు అడుగుతున్నది కొండల్ని. నూరేళ్ళ పాటు బరిలోనూ తెర మీదా దాడిదార్లుగా చూపించబడిన వాళ్ళు, కథ 1876లో డెడ్‌వుడ్ దారిలో మొదలు కాలేదనీ, 1868 నాటి సంతకంతో మొదలైందనీ పట్టుబట్టి కూర్చున్నారు.

వాస్తవికత గురించి మాట్లాడే మనకు ఇది పనికొచ్చే పాఠం. యాస సరిగ్గా దించాం, బట్టలు సరిగ్గా తొడిగాం, ఊరి పేరు నిజందే పెట్టాం అని సంతోషపడితే చాలదు. డెడ్‌వుడ్ బండి చక్రాలు కూడా నిజమైనవే. ఆ బండి ఎవరి నేల మీంచి పోతున్నదో చెప్పని రచన ఎంత నిజమైన వివరాలతో రాసినా కోడీ బరిలోనే తిరుగుతుంది.